కొండవీటి కోటలో నకిలీ ప్రొఫెసర్

1965 సెప్టెంబరు. సరిహద్దులో యుద్ధం మొదలై పది రోజులైంది. వానలు బాగా పడటంతో కొండవీటి కొండ మీద చెరువు గట్టు దాకా నిండింది.

పొద్దున్న ఆరుంబావుకి సుభానీ చెరువు మెట్ల మీద కూర్చుని ముఖం కడుక్కుంటున్నాడు. కొండ కింద ఊళ్లో అందరికీ అతను కోట వాచ్‌మన్. వచ్చినవాళ్లకి బురుజులు, ధాన్యపు కొట్లు, చెరువు ఒడ్డున సగం కూలిన రెడ్డిరాజుల మహలు చూపించే గైడు. అసలు ఉద్యోగం వేరు. కేంద్ర గూఢచారి శాఖలో వైర్‌లెస్ ఆపరేటర్. ఆ సంగతి భార్య ఖైరున్నీసాకి కూడా తెలియదు.

"గుడ్ మార్నింగ్, సుభానీ!"

సుభానీ తలెత్తాడు. ప్రొఫెసర్ క్రేల్. తెల్ల గడ్డం, సోలా టోపీ, వెండి పిడి చేతికర్ర. పాత కోటల మీద పరిశోధన అంటూ నెల రోజులుగా వారానికి రెండుసార్లు కొండెక్కుతున్న యూరోపియన్.

"ఇంత పొద్దున్నే ఎక్కారేంటండీ?"

"నిన్న సాయంత్రం నా పెట్టె మూత తీసి చూసింది నువ్వే కదూ?"

సుభానీ లేవబోయాడు. చేతికర్ర కొన మెడ కింద తగిలింది. తేలు కుట్టినట్టు చురుక్కుమంది. నోరు తెరిచాడు గాని మాట రాలేదు.

క్రేల్ తాపీగా జేబులోంచి సారా సీసా తీశాడు. సగం శవం చొక్కా మీద, సగం నోట్లో పోశాడు. బూటు కాలితో నీళ్లలోకి తోశాడు.

తొమ్మిదింటికి ఊరి మునసబు రోశయ్య రిపోర్టు రాశాడు. 'తాగిన మైకంలో కాలు జారి చెరువులో పడి మరణించెను.'

సుభానీ జన్మలో సారా ముట్టుకోలేదు.

* * *

రెండు రోజుల తర్వాత, గుంటూరులో ఒక పొగాకు గోడౌన్ మేడ మీద, ఏజెంట్ అంకారావు ఒక కాగితాన్ని టేబుల్ మీద పెట్టి అరచేత్తో చరిచాడు. ఇంకు బుడ్డి ఎగిరి పడింది.

"సుభానీ రాసిన రిపోర్టు ఇది. 'విదేశీయుడు పెట్టెతో వస్తున్నాడు, కోట చూడడు, కొలతలు తీసుకోడు, అనుమానంగా ఉంది' అని రాశాడు. మూడు వారాలు మీ ఫైల్లో ఉంది. మీరేం చేశారు సార్?"

కుర్చీలో ఉన్న కల్నల్ బుల్లయ్య చుట్ట ఆర్పాడు. దక్షిణ విభాగం చీఫ్. ఎవరు ఎంత అరిచినా గొంతు పెంచని మనిషి.

"కూర్చో."

"కూర్చోను."

"అయితే నిలబడే విను. క్రేల్ ప్రొఫెసర్ కాదు. మన శత్రుదేశానికి డబ్బు కోసం పనిచేసే ముఠా మనిషి. ఇవాళ గుంటూరు నుంచి దొనకొండ వైపు పది నలభై ప్యాసింజరుకి ఒక వ్యాగన్ తగిలిస్తున్నాం. పైకి పత్తి బేళ్లు. లోపల రాడార్ సామాను. ఆ వ్యాగన్‌ని పేల్చడమే వాడి పని."

"ప్యాసింజరుకి తగిలించారా?"

"గూడ్సులో పంపితే శత్రువు కంట్లో పడుతుంది. జనం ఉన్న బండి అయితే అనుమానం రాదు."

అంకారావు ముఖం ఎర్రబడింది. అతనిది నరసరావుపేట పక్క పల్లె. ఆ బండిలో ఎవరెక్కుతారో అతనికి తెలుసు. మిరప నాట్లకి వెళ్లే ఆడకూతుళ్లు, చంకలో పిల్లలు, సద్దిమూటలు.

"నాలుగు వందల మందిని అడ్డం పెట్టి ఇనుప సామాను పంపిస్తున్నారు. మీకు అన్నం ఎలా దిగుతుంది సార్?"

"వంతెనలన్నీ చెక్ చేయించాను. ఎక్కడా ఏమీ లేదు. బండి ఆపితే ముఠా జాగ్రత్తపడి ఇంకో చోట కొడుతుంది. నాకు క్రేల్ ట్రాన్స్‌మిటర్‌తో సహా దొరకాలి. వాడు శాసనాలు చదివి పెట్టడానికి కాలేజీ నుంచి ఓ తెలుగు మనిషిని అడిగాడు. ఆ మనిషివి నువ్వు. పేరు యలమందయ్య. హిస్టరీ లెక్చరర్. తుపాకీ వద్దు, వాడు తడిమి చూస్తాడు."

బుల్లయ్య ఒక చేతి గడియారం ముందుకు తోశాడు. "వాటర్‌ప్రూఫ్. ఈ సన్నముల్లు చూడు. దగ్గర్లో ట్రాన్స్‌మిటర్ ఆన్ అయితే ఎర్రగీత మీదకి పోతుంది. కొండ మీద వాడి పక్కనే మన మనిషి ఒకరున్నారు. 'చెరువులో తామరలున్నాయా' అని అడుగు. 'ఉన్నాయి, పూత లేదు' అంటే మనవాళ్లే."

"సుభానీ చావు గురించి రిపోర్టు ఎవరు మారుస్తారు?"

"ఎవరూ మార్చరు. అలాగే ఉంటుంది."

అంకారావు గడియారం లాక్కున్నట్టు తీసుకుని మెట్లు దిగాడు.

* * *

కళ్లజోడు, నలిగిన కోటు, చంకలో రెండు లావుపాటి పుస్తకాలు. కొండ కింద ఊళ్లో జీపు దిగిన లెక్చరర్ యలమందయ్య దారిలో ఒక ఇంటి ముందు ఆగాడు. వాకిట్లో నులకమంచం మీద సుభానీ చొక్కాలు మడత పెట్టి ఉన్నాయి. చుట్టుపక్కల ఒక్కరూ లేరు. తాగి చచ్చినవాడి ఇంటికి పలకరింపుకి ఎవరొస్తారు?

ఖైరున్నీసా అతన్ని చూడగానే గుర్తుపట్టింది. సుభానీ స్నేహితుడు, వాళ్ల పెళ్లిలో వడ్డన చేసినవాడు. కళ్లజోడు పెట్టినంత మాత్రాన మరుస్తుందా?

"ఇప్పుడొచ్చావా అన్నా? అందరూ నవ్వుతున్నారు. నమాజు చేసేవాడు, సారా తాగి చెరువులో పడ్డాడంట. బావి కాడికి పోతే బిందెలు పక్కకి జరుపుకుంటున్నారు. నేను మునసబు గారి కాళ్లు పట్టుకున్నా. 'వాసన వచ్చిందమ్మా, నేనేం రాయను' అన్నాడు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మితే నీతో ఎందుకు మాట్లాడతాను?" ఆమె కళ్లలో నీళ్లు లేవు. నిప్పులున్నాయి. "చచ్చే ముందురోజు అన్నాడు. ఆ దొర మూడుకాళ్ల పెట్టె చెరువు గట్టున నిలబెడతాడంట. కోట వైపు తిప్పడంట. రైలుకట్ట వైపు తిప్పుతాడంట. కోట చూడ్డానికొచ్చినోడికి రైలుతో ఏం పనన్నా?"

అంకారావు తల దించుకున్నాడు. ఆ పని ఏమిటో అతనికి తెలుసు. చెప్పడానికి వీల్లేదు. కొండ వైపు నడిచాడు.

* * *

మెట్లదారి ఎక్కేసరికి పది యాభై. చెరువు ఒడ్డున మహలు మొండిగోడలు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తున్నాయి. అవతల కొండ అంచు నుంచి చూస్తే మైళ్ల కొద్దీ నల్లరేగడి, కొత్తగా నాటిన మిరప మళ్లు, మోకాలెత్తు పత్తి చేలు. వాటి మధ్య గీత గీసినట్టు రైలుకట్ట.

క్రేల్ అతన్ని తడిమి చూశాడు. పుస్తకాలు దులిపి చూశాడు. "క్షమించండి, యుద్ధకాలం" అని నవ్వాడు. మెడలో బైనాక్యులర్స్, బెల్టుకి ఒక చిన్న నల్ల తోలు పెట్టె. గట్టు మీద సర్వే పరికరంలా ఉన్న మూడుకాళ్ల యంత్రం.

"ఈమె మిస్ వేరా. నా ఇంటర్‌ప్రెటర్."

షిఫాన్ చీర, చేతుల్లేని రవిక, నల్ల కళ్లద్దాలు, పెదాలకి రంగు. మద్రాసు క్లబ్బులో కూర్చోవలసిన మనిషి ఈ రాళ్ల మధ్య నిలబడింది. క్రేల్ యంత్రం దగ్గరికి వెళ్లగానే అంకారావు నీళ్ల వైపు చూస్తూ అడిగాడు.

"చెరువులో తామరలున్నాయా?"

ఆమె పెదాలు కదిలీ కదలనట్టు అంది. "ఉన్నాయి. పూత లేదు."

అంకారావు ఉలిక్కిపడ్డాడు. ఆమె గబగబా చెప్పింది. "బాంబు వంతెన కింద లేదు. బండిలోనే ఉంది. పత్తి బేళ్లలో ఒక బేలులో పెట్టి లోడ్ చేయించారు. నాకు ఇవాళ జీపులోనే తెలిసింది. కబురు పంపే దారి లేదు. ఫిరంగిపురం ముందు వాగు పక్కన ఎత్తు కట్ట మీదకి రాగానే నొక్కుతాడు. అక్కడైతే ఒక్క బోగీ మిగలదు. ట్రాన్స్‌మిటర్, బటన్ బెల్టుకున్న తోలు పెట్టెలో ఉన్నాయి. ఆ మూడుకాళ్లది దాని ఏరియల్."

బండి అప్పటికే గుంటూరు వదిలింది. కొండ మీద ఫోన్ లేదు.

"సుభానీని చంపుతాడని నీకు తెలుసా?"

ఆమె నల్లద్దాలు సర్దుకుంది.

"అడుగుతున్నాను. తెలుసా?"

"తెలుసు. ముందురోజు సాయంత్రమే తెలుసు. చీఫ్‌కి కబురు పెట్టాను. 'కదలొద్దు, నీ కవర్ పోతుంది' అని జవాబొచ్చింది."

అంకారావు చెయ్యి లేచింది. ఆ చెయ్యి చెంప మీద పడి ఉంటే పని అంతటితో చెడేది. కోటు జేబులో పిడికిలి దాచుకున్నాడు.

"నువ్వు మనిషివేనా?"

ఆమె నల్లద్దాలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. మద్రాసు ఇంగ్లీషు ఎటో పోయింది. "ఏంది నువ్వు నన్నడిగేది? మాది వేటపాలెం. నా పేరు వెంకటరావమ్మ. రెండేళ్లుగా ఈ పాములతో కూర్చుని నవ్వుతున్నా. ఆ పొద్దు నేను అరిచుంటే వాడు బతికేవాడు. ఆర్డరు విని నోరు మూసుకున్నా. నువ్వు తిట్టేదేంది, నన్ను నేను తిట్టుకోని క్షణం లేదు. ముందు బండి సంగతి చూడు."

"యలమందయ్య గారూ!" క్రేల్ పిలిచాడు. "కొంచెం ఇలా వస్తారా? తెలుగు శాసనాల మీద ఇరవై ఏళ్లు గడిపాను. అయినా ఈ గీతలు అర్థం కావడం లేదు."

మహలు అరుగు రాతి మీద పెద్ద త్రికోణం, దాన్ని కోస్తూ అడ్డగీతలు చెక్కి ఉన్నాయి. అంకారావుకి చూడగానే తెలిసింది. పులిజూదం పటం. చిన్నప్పుడు ఇలాంటి రాళ్ల మీద గులకరాళ్లతో పులుల్ని కట్టేసి రోజులు గడిపాడు. గొర్రెల కాపరులు ప్రతి కొండ మీదా చెక్కుకునే ఆట.

'వీడికి చరిత్ర ఏమాత్రం తెలుసో చూద్దాం' అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇది యంత్రమండీ. కోటకి దిగ్బంధనం చేసేటప్పుడు రాజపురోహితుడు గీయించినది."

"అద్భుతం!" క్రేల్ నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. "రాజపురోహితుడు..."

అంకారావుకి లోపల నవ్వు, మంట ఒక్కసారే వచ్చాయి. ఈ మూఢుడి చేతిలోనా సుభానీ చచ్చింది!

పదకొండు ఇరవై ఎనిమిది. అంకారావు గడియారం చూసుకున్నాడు. సన్నముల్లు వణికి, ఎర్రగీత మీదకి పోయి నిలిచింది. ట్రాన్స్‌మిటర్ ఆన్.

"చేతులు పైకెత్తండి, లెక్చరర్ గారూ."

క్రేల్ చేతిలో నోటుబుక్కు లేదు. పిస్తోలు ఉంది.

"ఆ గీతలు పులీ మేకల ఆట అని నాకు కిందటి వారమే తెలుసు. మీ సుభానీ చెప్పాడు. కూర్చోబెట్టి ఆడించాడు కూడా. పాపం, మంచి గైడు. నిజమైన లెక్చరర్ అయితే నా అజ్ఞానానికి నవ్వి సరిదిద్దేవాడు. మోసం చెయ్యాలని చూసేవాడు పోలీసే." పిస్తోలు వేరా చేతికిచ్చాడు. "మిస్ వేరా, నా చేతికి పని ఉంది. ఇతన్ని మీరు కాల్చండి. మీ మీద నాకున్న చిన్న సందేహం కూడా తీరిపోతుంది."

తోలు పెట్టె మూత తెరుచుకుంది. ఎర్ర బటన్. రెండో చేత్తో బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకున్నాడు.

దూరంగా, పచ్చటి చేల మీద, పొగ. నల్ల ఇంజను, వెనక పెట్టెలు, చివర వ్యాగన్. కట్ట ఎక్కుతోంది.

వేరా పిస్తోలు ఎత్తింది. గురి అంకారావు గుండె మీద.

"కాల్చండి!" క్రేల్ తల తిప్పకుండానే అన్నాడు.

పిస్తోలు పేలింది. క్రేల్ మోచెయ్యి చిట్లింది. బైనాక్యులర్స్ చేజారి మెడలో వేలాడాయి. కాని బటన్ దగ్గర ఉన్నది ఇంకో చెయ్యి. అతను అరుస్తూనే బొటనవేలు ముందుకి జరిపాడు.

అంకారావు ఆలోచించలేదు. ఎద్దు కుమ్మినట్టు తలతో అతని పొట్టలో గుద్దాడు. ఇద్దరూ గట్టు మీంచి చెరువులో పడ్డారు.

వానలకి నిండిన నీళ్లు ఆకుపచ్చగా, చల్లగా ఉన్నాయి. నాచు కళ్లకి చుట్టుకుంది. క్రేల్ బొటనవేలు ఇంకా బటన్ కోసం తడుముతోంది. అంకారావు ఆ వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. ఎముక విరగడం నీళ్లలో కూడా చేతికి తెలిసింది. తోలు పెట్టెలోంచి బుడగలు బుసబుసా వచ్చాయి. గడియారం ముఖం ముందుకొచ్చింది. సన్నముల్లు ఎర్రగీత వదిలి కిందికి పడిపోయింది.

పని అయిపోయింది. అయినా అంకారావు చేతులు ఆగలేదు. క్రేల్ గొంతు పట్టుకుని ఇంకా కిందికి నొక్కాడు. సుభానీ శవం తేలిన నీళ్లు ఇవే. వీడి బుడగలు కూడా ఇక్కడే ఆగాలి. ఒకటి. రెండు. మూడు.

ఎవరో జుట్టు పట్టుకుని గుంజారు. వెంకటరావమ్మ. షిఫాన్ చీరతో మెడలోతు నీళ్లలో నిలబడి అరుస్తోంది.

"వదులు! వదలరా! వాడు చస్తే సుభానీ తాగుబోతుగానే మిగిలిపోతాడు. వాడు బతికుండాల!"

ఆ మాట చెవిలో దూరింది. అంకారావు క్రేల్‌ని గడ్డం పట్టుకుని గట్టు మీదకి ఈడ్చాడు.

కింద రైలు కట్ట దాటింది. కిటికీలోంచి ఎవరో ఆరేసిన చీర కాబోలు, ఎర్రటి చుక్కలా గాలికి ఎగురుతోంది. ఇంజను ఒక కూత వేసి ఫిరంగిపురం వైపు పోయింది.

* * *

తుపాకీ చప్పుడుకి కొండ కింద మఫ్టీలో ఉన్న బుల్లయ్య మనుషులు పరుగున వచ్చారు. ఒకడు ఫిరంగిపురం స్టేషన్‌కి మోటారు సైకిల్ మీద వెళ్లి, అవతలి స్టేషన్‌కి తంతి కొట్టించి బండి ఆపించాడు. జనాన్ని దించి వ్యాగన్‌లోంచి బాంబు ఉన్న బేలు తీశారు. క్రేల్ జీపు డ్రైవరు అప్పటికే బేడీల్లో ఉన్నాడు.

కల్నల్ బుల్లయ్య రొప్పుతూ కొండెక్కి అంకారావు భుజం తట్టాడు. "శభాష్. వీడిని వెనక దారిన దింపి గుంటూరు తీసుకుపోదాం. ఊళ్లో ఎవరూ చూడకూడదు."

"ఊళ్లోంచే పోదాం సార్."

"అంకారావ్, ఇది ఆర్డర్."

"మీ ఆర్డరు విని ఒక మనిషి చచ్చాడు. ఇంకొక మనిషి బతికుండి చచ్చింది. నాకు చాలు."

అతను క్రేల్ బేడీ గొలుసు పట్టుకుని మెట్లదారిన నడిచాడు. అతన్ని ఆపమన్నట్టు బుల్లయ్య తన మనుషుల వైపు చూశాడు. వాళ్లు సుభానీతో కలిసి పనిచేసినవాళ్లు. ఎవరూ కదల్లేదు.

ఖైరున్నీసా వాకిట్లో ఊరంతా పోగయింది. మునసబు రోశయ్య ఉత్తరీయం సర్దుకుంటూ ముందుకొచ్చాడు. తడి చీరతో, రంగు కారిన ముఖంతో వెంకటరావమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"అమ్మా, మీ ఆయన తాగలేదు. దేశం పనిలో ఉండి ప్రాణం పోగొట్టుకున్నాడు. విషపు కర్రతో పొడిచి, నోట్లో సారా పోసి, నీళ్లలో తోసింది వీడు." ఒక అడుగు ముందుకు వేసింది. "పొడుస్తాడని నాకు ముందురోజే తెలుసు. నేను చెప్పలేదు."

ఖైరున్నీసా గుమ్మం దిగింది. లాగి ఆమె చెంప మీద కొట్టింది. వెంకటరావమ్మ కదల్లేదు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఖైరున్నీసా క్రేల్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మునసబు వైపు తిరిగింది.

"రాయండి."

"ఏం రాయాలమ్మా?" రోశయ్య నసిగాడు. "పై అధికారులు చెప్పందే..."

"తాగి చచ్చాడని రాసిన రోజు ఏ అధికారి చెప్పాడు మీకు? ఊరందరి ముందూ చదివారు. ఇప్పుడూ ఊరందరి ముందే రాయండి. నేను వింటాను."

జనంలోంచి ఒక ముసలాయన గట్టిగా అన్నాడు. "రాయవయ్యా రోశయ్యా!" ఇంకో గొంతు కలిసింది. ఇంకో పది కలిశాయి. రెండు రోజులుగా బిందెలు జరుపుకున్న ఆడవాళ్లు వచ్చి ఖైరున్నీసా పక్కన నిలబడ్డారు. రోశయ్య నులకమంచం మీద కూర్చుని పాత రిపోర్టు కొట్టేసి కొత్తది రాశాడు. ప్రతి మాటా పైకి చదివి రాశాడు.

* * *

గుంటూరు పోయే జీపులో కల్నల్ బుల్లయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక అంకారావు, వెంకటరావమ్మ. బట్టలు ఇంకా ఆరలేదు. ఎవరూ ఎవరి ముఖం చూసుకోలేదు.

"రహస్యం బయటపెట్టావు," బుల్లయ్య అన్నాడు. "రేపు పదింటికి ఆఫీసుకి రా. డిస్మిస్ ఆర్డర్ తీసుకో."

"ఆ ఆర్డర్‌లో కారణం ఏమని రాస్తారు సార్?"

బుల్లయ్య జేబులోంచి చుట్ట తీశాడు. క్రేల్ పేరు రాయకూడదు. రాడార్ పేరు రాయకూడదు. ప్యాసింజరు మాట అసలే రాయకూడదు. చుట్ట వెలిగించుకుని పేరేచర్ల దాటేదాకా ఆలోచించాడు.

"పదింటికి వద్దులే," అన్నాడు చివరికి. "పదకొండింటికి రా. ఇద్దరూ రండి. చీరాల్లో ఇంకో పని పడింది."